బెదురు తీరిన బొమ్మ: బాలల కథల్లో, రంగుల పుటల్లో బెదురుబొమ్మ – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

పంట కాపలాకు నిలిపే బెదురుబొమ్మ నేటి పిల్లలకు ప్రధానంగా రెండు తావుల్లో ఎదురవుతోంది. ఒకటి కథ, రెండవది రంగులు వేసే పుట. కథలో ఈ బొమ్మ తన పనిలో విఫలమై, ఆ వైఫల్యం నుండే ఒక వ్యక్తిగా రూపొందుతుంది. రంగుల పుటలో దానికి పని లేదు, వైఫల్యమూ లేదు. నవ్వు మాత్రమే ఉంది. ఈ తేడాకు కారణాలను, దాని ఫలితాలను బామ్, హాథార్న్, టాడ్, డొనాల్డ్‌సన్‌ల రచనల ఆధారంగానూ, జపాను పురాగాథ, సంస్కృత వ్యాకరణ సంప్రదాయం, తెలుగునాట సేద్యపు ఆచారాల ఆధారంగానూ పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. తెలుగు పిల్లలకు ఈ బొమ్మను పరిచయం చేసేటప్పుడు ఎదురయ్యే పేరు చిక్కును కూడా ఇందులో చర్చించడం జరిగింది.

కీలక పదాలు: బాలసాహిత్యం, బెదురుబొమ్మ, దిష్టిబొమ్మ, రంగుల పుస్తకాలు, మంచె, ఓజ్ కథ, పంట కాపలా.

1. ఉపోద్ఘాతం

అమెరికాలో పంటలు ఇంటికి చేరే శరదృతువులో చిన్నపిల్లల తరగతి గదులు గుమ్మడికాయలతో, ఎండుటాకులతో, బెదురుబొమ్మలతో నిండుతాయి. ఉపాధ్యాయులు పంచే కాగితాల మీద ఒక గీతల బొమ్మ ఉంటుంది. గడ్డి టోపీ, అతుకుల చొక్కా, చాచిన చేతులు, చేతుల చివర బయటికి పొడుచుకు వచ్చిన గడ్డి పరకలు, బుగ్గల మీద గుండ్రని చుక్కలు, చెవి నుండి చెవి దాకా నవ్వు. భుజం మీద ఒక కాకి వాలి ఉండడం కూడా మామూలే. పిల్లలు దానికి రంగులు నింపుతారు. అక్కడ పెరుగుతున్న తెలుగు పిల్లలూ నింపుతారు. అంతర్జాలం ద్వారా ఇవే పుటలు తెలుగు రాష్ట్రాల్లోని పాఠశాలలకూ చేరుతున్నాయి.

ఈ పుటలను కేవలం కాలక్షేపంగా తీసిపారేయడం సులభం. అయితే చదవడం రాని వయసులో పిల్లవాడు 'చదివే' తొలి పాఠాల్లో చిత్రం ముఖ్యమైనది. పొలాన్ని ఎన్నడూ చూడని పిల్లవాడికి పొలం గురించి, పక్షి గురించి, భయం గురించి ఆ పుట ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. అది ఏమి చెబుతోంది, ఏమి దాస్తోంది అన్నది సాహిత్య విమర్శ అడగదగిన ప్రశ్నే. బెదురుబొమ్మను గురించిన బాలల కథలు ఈ పుటల కన్నా ఎంతో లోతైనవి కావడం వల్ల ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడం అవసరం.

2. పేరులో ఉన్న శత్రువు

ఒక వస్తువుకు పెట్టిన పేరు ఆ వస్తువుతో మనుషులకున్న పనిని సూచిస్తుంది. ఇంగ్లీషు వారి 'స్కేర్‌క్రో' అనే మాటలో భయమూ ఉంది, కాకీ ఉంది. అంటే ఆ పేరు శత్రువును నేరుగా చెబుతుంది. జపాను వారి 'కకషి' అనే మాటకు వాసన చూపించడం అనే అర్థం మూలమని చెబుతారు. జంతువులను తరమడానికి చేలల్లో కంపుకొట్టే వస్తువులను కాల్చి వేలాడదీసే పాత అలవాటు ఆ పేరులో మిగిలింది.

సంస్కృతంలో గడ్డి మనిషికి 'చంచ' అని పేరు. ఈ మాట వ్యాకరణంలో ఒక విశేష స్థానాన్ని సంపాదించుకుంది. పాణిని అష్టాధ్యాయి ఐదవ అధ్యాయం మూడవ పాదంలో ఒక వస్తువును పోలిన ప్రతిమను చెప్పే ప్రత్యయాన్ని విధించాడు (5.3.96). గుర్రాన్ని పోలిన బొమ్మ 'అశ్వకం' అవుతుంది. రెండు సూత్రాల తరువాత, పోలిక మనిషిని గురించినదైతే ఆ ప్రత్యయం లోపిస్తుందని చెప్పాడు (5.3.98). కాశికావృత్తి దీనికి ఇచ్చిన ఉదాహరణ 'చంచ'. గడ్డిబొమ్మలాంటి మనిషిని 'చంచ' అనే అంటారు. గుర్రపు బొమ్మకు గుర్రానికి మధ్య వ్యాకరణం ఒక అక్షరపు దూరం ఉంచింది. గడ్డిబొమ్మకు దానివంటి మనిషికి మధ్య ఆ దూరం కూడా ఉంచలేదు. మనిషి గడ్డిబొమ్మగా, గడ్డిబొమ్మ మనిషిగా మారిపోయే కథలకు బీజం ఈ పోలికలోనే ఉంది.

తెలుగులో బెదురుబొమ్మ, గడ్డిబొమ్మ అనే మాటలు ఉన్నా వాడుకలో ఎక్కువగా వినిపించేది 'దిష్టిబొమ్మ'. దృష్టి అనే సంస్కృత పదానికి వికృతి 'దిష్టి'. ఈ పేరులో కాకి లేదు, భయం లేదు, చూపు ఉంది. చేలోని దిష్టిబొమ్మ పిట్టలను బెదిరించడమే కాక, ఏపుగా పెరిగిన పైరు మీద పడే చెడు చూపును తన మీదికి తీసుకుంటుందని రైతుల నమ్మకం. కట్టుబడిలో ఉన్న ఇంటి ముందు వేలాడే బొమ్మ చేసే పని కూడా ఇదే. 2018లో నెల్లూరు జిల్లాలో ఒక రైతు తన పొలం దగ్గర ఒక సినీతార ఫ్లెక్సీని నిలిపిన సంగతి వార్తలకెక్కింది. అది పిట్టల కోసం కాదు, దారిన పోయే మనుషుల చూపును పైరు మీద నుండి మళ్లించడానికి. అక్కడ గడ్డి లేదు, కుండ లేదు. అయినా అది దిష్టిబొమ్మ అనే పనిని పూర్తిగా చేసింది.

కాబట్టి ఇంగ్లీషు బొమ్మకు ప్రత్యర్థి పక్షి, తెలుగు బొమ్మకు పక్షితో పాటు పొరుగువాడి చూపు కూడా. ఈ భేదాన్ని గమనించకుండా 'స్కేర్‌క్రో' అన్నచోటల్లా 'దిష్టిబొమ్మ' అని రాసే అనువాదకుడు ఒక కొత్త అర్థాన్ని కథలోకి తెస్తున్నాడు.

3. బొమ్మకు ముందు నిలబడిన పిల్లవాడు

రంగుల పుటలో పూర్తిగా కనుమరుగైన చరిత్ర ఒకటుంది. పంటను పక్షుల నుండి కాపాడే పనిని చాలా కాలం పిల్లలే చేశారు. ఇంగ్లండులో ఇది పేద పిల్లల తొలి ఉద్యోగం. 1763లో పుట్టిన రచయిత విలియం కాబెట్ తన మొదటి పని విత్తనాల మీద, బఠాణీల మీద వాలే పిట్టలను తోలడమేనని చెప్పుకున్నాడు. వ్యవసాయ కూలీల సంఘాన్ని నిర్మించిన జోసెఫ్ ఆర్చ్ (జననం 1826) తొమ్మిదేళ్ల వయసులో రోజుకు 4 పెన్నీల కూలికి కాకులు తోలాడు.

ఈ శ్రమకు నవలలో దొరికిన గొప్ప రూపం థామస్ హార్డీ 'జూడ్ ది అబ్‌స్క్యూర్' (1895) తొలి పుటల్లో ఉంది. పదకొండేళ్ల జూడ్ ఒక రైతు పొలంలో చెక్క గిలక మోగిస్తూ పక్షులను తోలుతుంటాడు. దిక్కులేని తనకూ ఆకలిగొన్న ఆ పక్షులకూ ఏదో బంధుత్వం ఉన్నట్టు తోచి గిలక పక్కన పెట్టి వాటిని తిననిస్తాడు. రైతు చూసి, అదే గిలకతో కుర్రవాణ్ణి కొట్టి, ఆ రోజు కూలి ఆరు పెన్నీలు చేతిలో పెట్టి పంపేస్తాడు. బెదురుబొమ్మకు, పిల్లవాడికి మధ్య తేడాను ఈ ఘట్టం స్పష్టం చేస్తుంది. బొమ్మకు జాలి లేదు. అందుకే అది రైతుకు నమ్మకమైన కాపలాదారు. పిల్లవాడికి జాలి ఉంది. అందుకే పని పోయింది. ఇంగ్లండులో 1880 నాటి చట్టం బడికి వెళ్లడాన్ని నిర్బంధం చేసిన తరువాత ఈ పిల్లలు క్రమంగా పొలం నుండి తరగతి గదికి చేరారు. ఆ తరగతి గదిలోనే తరువాతి తరాల పిల్లలు బెదురుబొమ్మకు రంగులు వేస్తున్నారు.

భారతీయ సాహిత్యానికి ఈ కాపలా కొత్తది కాదు. రఘువంశం నాలుగవ సర్గలో చెరకు నీడన కూర్చున్న శాలిగోపికలు రఘుమహారాజు కీర్తిని పాడుతూ వరిచేలు కాస్తారు. తమిళ సంగమ కవిత్వంలో కొండప్రాంతపు కన్యలు కొర్రచేలపై వాలే చిలుకలను తోలుతారు. సుబ్రహ్మణ్యస్వామి వల్లిని చూసింది ఆమె చేను కాస్తున్నప్పుడే. ఈ కావ్యాల్లో కాపలా శృంగారానికి రంగస్థలం. తెలుగు పల్లెలో మాత్రం అది ఎండలో చేసే పని. జొన్న, సజ్జ కంకులు పాలు పోసుకునే దశలో పిచ్చుకలు, గిజిగాళ్లు, రామచిలుకలు గుంపులుగా దిగుతాయి. అప్పుడు చేలో మంచె వేసి, దాని మీద నిలబడి వడిసెల తిప్పుతూ, డబ్బా మోగిస్తూ, అరుస్తూ తోలాలి. వేకువనుండి పొద్దెక్కే దాకా, తిరిగి సాయంత్రం ఈ పనికి ఇంట్లో పెద్దలు కేటాయించేది చాలాసార్లు పిల్లలనే. చదువును ప్రతి పిల్లవాడి హక్కుగా గుర్తించిన 2009 చట్టం వెలుగులో చూస్తే మంచె మీది పిల్లవాడు బడికి రాని పిల్లవాడు కూడా. కావ్యంలోని శాలిగోపికనూ, మంచె మీది పిల్లవాణ్ణీ కలిపి చూడగలిగినప్పుడే బెదురుబొమ్మ ఎవరి బదులు నిలబడిందో అర్థమవుతుంది.

దీనికి తలకిందులైన దృశ్యం జపానులోని షికోకు ద్వీపంలో, తొకుషిమా ప్రాంతపు నగోరో గ్రామంలో ఉంది. అక్కడ అయానో త్సుకిమి అనే కళాకారిణి తన తండ్రి పోలికతో ఒక బొమ్మను చేసి తోటలో నిలిపింది. తరువాత గ్రామం వదిలి వెళ్లినవారి, మరణించినవారి స్థానంలో బొమ్మలను చేస్తూ పోయింది. 2012లో పిల్లలు లేక మూతపడిన బడిలో ఇప్పుడు బల్లల ముందు బొమ్మలే కూర్చుని ఉంటాయి. ఇంగ్లండులో బొమ్మ చేయవలసిన పనిని పిల్లవాడు చేశాడు; నగోరోలో పిల్లవాడు కూర్చోవలసిన చోట బొమ్మ కూర్చుంది.

4. ముఖం గీసినప్పుడు ప్రాణం వచ్చింది

బెదురుబొమ్మను బాలసాహిత్యంలో శాశ్వతం చేసిన గ్రంథం ఎల్. ఫ్రాంక్ బామ్ రచించిన 'ది వండర్‌ఫుల్ విజార్డ్ ఆఫ్ ఓజ్' (1900). దీనికి డబ్ల్యు. డబ్ల్యు. డెన్‌స్లో చిత్రాలు గీశాడు. తొలి ముద్రణలో రంగు అలంకారం కాదు, స్థలసూచిక. కథ నడిచే దేశాన్ని బట్టి పుటల్లోని చిత్రాల రంగు మారుతుంది. మంచ్‌కిన్‌ల దేశంలో నీలం, మరకతనగరంలో ఆకుపచ్చ. మొక్కజొన్న చేలో డోరతీకి కనబడిన బొమ్మ నీలి టోపీ, వెలిసిన నీలి దుస్తులు వేసుకుని ఉండడానికి కారణం ఆ దేశస్థుల ఇష్టమైన రంగు నీలం కావడమే. అంటే ఆ బొమ్మ ఏ ఊరిదో దాని రంగు చెబుతుంది. నేటి పుటల్లోని నారింజ, గోధుమ రంగులు ఏ ఊరినీ చెప్పవు. ఒక ఋతువును, ఆ ఋతువు చుట్టూ పెరిగిన అంగడిని మాత్రమే చెబుతాయి.

ఈ బొమ్మ డోరతీకి చెప్పుకున్న ఆత్మకథ నాలుగవ అధ్యాయంలో ఉంది. అతని వయసు రెండు రోజులకు మించదు. రైతు మొదట చెవులు గీశాడు గనుక అతనికి తొలుత మాటలు వినబడ్డాయి. తరువాత కుడికన్ను గీయగా లోకం కనబడింది. ఎడమకన్ను కాస్త పెద్దదైంది. ముక్కు, నోరు గీశాక కూడా అతడు మాట్లాడలేదు, నోరు ఎందుకో అప్పటికి తెలియదు గనుక. ఈ వర్ణన పిల్లలకు నవ్వు తెప్పిస్తుంది. కానీ ఇందులో ఒక గంభీరమైన భావన ఉంది. ఇక్కడ చిత్రించడమంటే ఇంద్రియాలను ఇవ్వడం. కుంచె తాకిన క్రమంలోనే చైతన్యం మేల్కొంది. గీసేవాడి ఇష్టం (పెద్దదిగా గీసిన ఎడమకన్ను) గీయబడినవాడి ముఖంలో నిలిచిపోయింది.

ఈ ఘట్టం దృష్టిలో పెట్టుకుని రంగుల పుటను చూస్తే దానిలోని ప్రధాన లోపం తెలుస్తుంది. పుటలోని ముఖం ముందే గీసి ఉంటుంది. చెవులు, కళ్లు, నోరు ఎవరో నిర్ణయించి ఇచ్చారు. పిల్లవాడికి మిగిలింది గీత దాటకుండా చొక్కా నింపడం. బామ్ కథలోని రైతు చేసిన పని, అంటే బొమ్మకు లోకాన్ని చూపించే పని, పిల్లవాడికి దక్కలేదు.

రైతు ఆశించినట్టే మొదట కాకులు బెదిరాయి. అప్పుడు బొమ్మకు తానొక ముఖ్యమైన వ్యక్తినన్న సంతోషం కలిగింది. తరువాత ఒక ముసలి కాకి వచ్చి అతని భుజం మీద వాలి, అతడు గడ్డి మనిషేనని కనిపెట్టి, కాళ్ల దగ్గరికి దిగి గింజలు తినసాగింది. మిగిలినవి దాన్ని అనుసరించాయి. దిగులుపడ్డ బొమ్మను ఓదార్చి, తెలివి ఒక్కటి ఉంటే ఎవరికీ తీసిపోవని చెప్పింది కూడా ఆ ముసలి కాకే. ఓజ్ ప్రయాణానికి ప్రేరణ ఆ మాట. కదలని బొమ్మకు పక్షులు త్వరగా అలవాటుపడతాయన్నది రైతులందరికీ తెలిసిన సంగతి; బామ్ ఆ సేద్యపు సత్యాన్ని కథకు ఇరుసుగా చేసుకున్నాడు. కాబట్టి భుజం మీది కాకి ఈ కథలో అలంకారం కాదు. బొమ్మ జీవితంలో అతి పెద్ద అవమానం, అతి గొప్ప మేలు ఆ క్షణంలోనే ఉన్నాయి. రంగుల పుటల్లోనూ కాకి అదే భుజం మీద ఉంది. అయితే అక్కడ అది స్నేహానికి గుర్తుగా ఊరక కూర్చుని ఉంటుంది. చిత్రం మిగిలింది, సంఘటన జారిపోయింది.

బామ్ కథను పూర్తిగా మృదువైనదిగా భావించడం కూడా సరికాదు. పన్నెండవ అధ్యాయంలో మంత్రగత్తె పంపిన నలభై కాకుల మెడలను ఇదే బొమ్మ ఒక్కొక్కటిగా విరిచేస్తుంది. బెదిరించడానికి పుట్టి బెదిరించలేకపోయినవాడు చివరికి చంపడం ద్వారా తన పుట్టుకను సార్థకం చేసుకుంటాడు. బెదురుబొమ్మ అసలు ధర్మం చంపకుండా తరమడం. ఆ ధర్మాన్ని కథ ఇక్కడ ఉల్లంఘించింది. పిల్లల కోసం చేసే సంక్షిప్త పాఠాలు తరచు వదిలేసే ఈ ఘట్టాన్ని పెద్దపిల్లలతో చర్చించడం అవసరం.

5. కదలని వాడి తెలివి

తెలివి లేదని దిగులుపడే బామ్ బొమ్మకు పూర్తి వ్యతిరేకం 712లో గ్రంథస్థమైన జపాను 'కొజికి'లోని క్యుఎబికో. సముద్రం మీద చిన్న పడవలో వచ్చిన ఒక చిన్న దేవుడి పేరు ఎవరికీ తెలియకపోగా, క్యుఎబికోకు తెలిసి ఉంటుందని ఒక కప్ప చెబుతుంది. ఆ వచ్చినవాడు సుకునబికొన అని క్యుఎబికో గుర్తిస్తాడు. క్యుఎబికో పొలంలో నిలిచే బొమ్మ. కాళ్లు నడవవు గాని లోకంలో జరిగేదంతా అతనికి తెలుసు. ఒకేచోట నిలబడి రాత్రింబవళ్లు చూస్తూ ఉండేవాడికి అన్నీ తెలుస్తాయన్నది రైతు సమాజపు ఊహ. బామ్ బొమ్మకు తెలివి కావాలంటే చేను వదిలి నడవాలి. పొలంలో నిలబడడాన్ని ఒక సంస్కృతి జ్ఞానంగా, మరొకటి జ్ఞానలోపంగా చూసింది.

నతానియేల్ హాథార్న్ 'ఫెదర్‌టాప్' (1852) మరొక కోణాన్ని చూపుతుంది. ఒక మంత్రగత్తె తన చేను కోసం చేసిన బొమ్మ ముచ్చటగా కుదరడంతో దాని నోట పొగగొట్టం పెట్టి ప్రాణం పోసి, పెద్దమనిషి వేషంలో పట్టణానికి పంపుతుంది. దాదాపు అందరూ మోసపోతారు. చివరికి అద్దంలో తన అసలు రూపం చూసుకున్న బొమ్మ ఇక బతకడానికి ఇష్టపడక పొగగొట్టాన్ని విసిరేస్తుంది. లోపల ఏమీ లేని పెద్దమనుషులు ఊరినిండా ఉండగా తానెవరో తెలుసుకున్నవాడు ఇతడొక్కడే అన్నది కథలోని వ్యంగ్యం. కాశికలోని 'చంచ' ఉదాహరణకు ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం దొరకదు. మంత్రగత్తె చివరికి అతణ్ణి తిరిగి చేలోనే నిలపాలనుకుంటుంది. కనీసం ఆ పని నిరపాయమైనది, ఉపయోగకరమైనది.

బార్బరా యూఫన్ టాడ్ సృష్టించిన వర్జిల్ గమిడ్జ్ (1936) వీరిద్దరికన్నా పల్లెకు దగ్గరివాడు. అతని తల దుంప. సుసాన్, జాన్ అనే పిల్లలకు స్నేహితుడు. ముక్కోపి, అల్లరివాడు, అతడు చేసిన అల్లరికి నిందపడేది పిల్లల మీద. 1941లో పెంగ్విన్ వారు ప్రారంభించిన పఫిన్ బాలకథల వరుసలో తొలి పుస్తకం ఇదే. 1979లో మొదలైన టెలివిజన్ రూపంలో అతడు పనిని బట్టి తలలు మార్చుకుంటాడు. ఈ ముగ్గురిలో ఎవరూ ఊరికే నవ్వుతూ నిలబడరు. ఒకడు దిగులుపడతాడు, ఒకడు సిగ్గుపడతాడు, ఒకడు అలుగుతాడు. పిల్లలు వీరిని ప్రేమించడానికి కారణం వీరు అందంగా ఉండడం కాదు. పెద్దలు తమకు అప్పగించిన పనికి సరిపోకపోవడం. పెద్దలు అప్పగించిన పనికి తాము చాలమేమోనన్న భయం ప్రతి పిల్లవాడికీ ఉంటుంది.

6. రంగుల పుట: గుణదోషాలు

పిల్లల కోసం గీతల బొమ్మలను పుస్తకంగా అచ్చువేసే పద్ధతి పందొమ్మిదవ శతాబ్ది చివరలో బలపడింది. కేట్ గ్రీనవే బొమ్మలతో న్యూయార్కులోని మెక్‌లాక్లిన్ సోదరులు 1879 ప్రాంతంలో ప్రచురించిన 'లిటిల్ ఫోక్స్ పెయింటింగ్ బుక్' ఈ కోవలో తొలి పుస్తకాల్లో ఒకటి. ఆ తరువాత విద్యావేత్తలు ఈ పద్ధతిని విమర్శించారు. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ తన 'క్రియేటివ్ అండ్ మెంటల్ గ్రోత్' (1947)లో ఇతరుల గీతలను నింపే అలవాటు పిల్లవాడి సొంత చూపుపై అతనికున్న నమ్మకాన్ని దెబ్బతీస్తుందని వాదించాడు.

ఈ విమర్శను యథాతథంగా అంగీకరించనక్కరలేదు. రంగు పెన్సిలు పట్టుకోవడం, చేతిని అదుపులో ఉంచుకోవడం, ఒక పనిని మొదలుపెట్టి ముగించడం వంటి మేళ్లు ఈ పుటల్లో ఉన్నాయి. అరవైమంది పిల్లలున్న తరగతిలో ఉపాధ్యాయుడికి అరగంట నిశ్శబ్దం కూడా విలువైనదే. కాబట్టి అభ్యంతరం గీతలు ఉండడం గురించి కాదు, ఆ గీతల లోపల, బయట ఏమున్నదన్న దాని గురించి.

పరిశీలించిన మీదట సాధారణ బెదురుబొమ్మ పుటలో మూడు లోపాలు కనబడతాయి. మొదటిది, పంట లేదు. బొమ్మ వెనుక కంచె ఉంటుంది, గుమ్మడికాయ ఉంటుంది. కాపలా కాయవలసిన గింజ ఉండదు. రెండవది, పక్షికి ఆకలి లేదు. అది అలంకారం. మూడవది, బొమ్మను ఎవరు చేశారో తెలియదు. పాత చొక్కా ఎవరిదో, ఆ గడ్డి ఏ పంటదో చెప్పే ఆధారం లేదు. నిజానికి ప్రతి బెదురుబొమ్మ ఒక ఇంటి పాత బట్టలతో తయారవుతుంది. తాత పంచె, తండ్రి చిరిగిన చొక్కా చేలో నిలబడతాయి. పిల్లవాడు గుర్తుపట్టగలిగిన బట్టలు వేసుకున్న ఆ బొమ్మకు, అంగడి పుటలోని అతుకుల చొక్కా బొమ్మకు చాలా దూరం ఉంది.

7. నిప్పు, తెలుగు పేరు

గడ్డితో చేసినవాడికి సహజ శత్రువు నిప్పు. బామ్ బొమ్మ తనకు భయమున్నది వెలిగించిన అగ్గిపుల్ల ఒక్కటేనని డోరతీతో చెబుతాడు. జూలియా డొనాల్డ్‌సన్ రచించి ఆక్సెల్ షెఫ్లర్ బొమ్మలు వేసిన 'ది స్కేర్‌క్రోస్ వెడ్డింగ్' (2014)లో ప్రతినాయకుడి చుట్ట నుండి లేచిన మంట వధువును ముప్పులో పడవేస్తుంది. వరుడు వచ్చి కాపాడతాడు. హాథార్న్ కథలో నిప్పు ప్రాణాధారం. మూడు కథల్లోనూ పాఠకుడి కోరిక ఒక్కటే: ఈ బొమ్మ కాలిపోకూడదు.

తెలుగు పిల్లవాడి అనుభవం ఇందుకు భిన్నం. పట్టణంలో పెరిగే తెలుగు పిల్లవాడు 'దిష్టిబొమ్మ' అనే మాటను ఎక్కువగా వినేది వార్తల్లో, 'దహనం' అనే మాటతో కలిపి. ఏదో ఒక నాయకుడి పేరు రాసిన గడ్డిబొమ్మను కూడలిలో తగలబెట్టడం నిరసన రూపం. ఆ బొమ్మ పుట్టిందే కాలడానికి. ఇదే మాటతో బామ్ కథను గాని డొనాల్డ్‌సన్ కథను గాని తెలుగులో చెబితే, అగ్గిపుల్ల చూసి వణికే బొమ్మ మీద కలగవలసిన జాలికి ఆ పేరే అడ్డుపడుతుంది. ఇంటి ముందు వేలాడే కోరల బొమ్మ రూపం దానికి తోడవుతుంది. అందువల్ల పిల్లల కథల్లో 'బెదురుబొమ్మ' అనే మాటను నిలబెట్టుకోవడం మేలు. ఆ మాటలో మరొక సౌలభ్యం ఉంది. బెదిరించే బొమ్మ అనీ, బెదిరిన బొమ్మ అనీ రెండు విధాలా దాన్ని విడదీయవచ్చు. కథల్లోని బొమ్మల స్వభావానికి ఈ రెండర్థాలూ సరిపోతాయి.

8. తెలుగు పుటకు కావలసినవి

తెలుగు పిల్లలకు బెదురుబొమ్మ పుటను తయారుచేయదలచినవారికి వస్తువు కొరత లేదు. రెండు కర్రలను అడ్డంగా కట్టి, గడ్డి చుట్టి, పాత చొక్కా తొడిగి, తలకు బదులు కుండ బోర్లించి, దాని మీద సున్నంతో బొట్లు పెడతారు. ఆ నల్లని కుండే పిల్లవాడు ముఖం గీయదగిన ఖాళీ. పుటలో కుండను ఖాళీగా వదిలి, చెవులు ముందు గీయాలో కళ్లు ముందు గీయాలో పిల్లవాడికే విడిచిపెడితే, బామ్ రైతుకు దక్కిన భాగ్యం అతనికీ దక్కుతుంది. వెనుక జొన్నచేను, దూరంగా మంచె, కంకి మీద వాలబోతున్న చిలుక ఉంటే బొమ్మకు పని తిరిగివస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ పుటకు రెండవ వైపు. చేలో పిట్టలను బెదరగొట్టిన రైతే కోత కాగానే వరి కంకులను కుచ్చులుగా అల్లి ఇంటి చూరుకు, గుడి మండపంలో వేలాడదీస్తాడు. అవి పిచ్చుకల కోసం. చేలో బొమ్మ, చూరున కుచ్చు ఒకే చేతి పనులు. ఒకటి 'ఇప్పుడు కాదు' అంటుంది, మరొకటి 'ఇక్కడికి రా' అంటుంది. పక్షిని శత్రువుగా ఎంచి నిర్మూలించిన చోట ఏమైందో చరిత్రలో ఉంది. చైనాలో 1958లో మొదలైన ఉద్యమంలో పిచ్చుకలను పెద్ద ఎత్తున చంపగా పంటలను తినే పురుగులు విజృంభించాయి. 1960లో పిచ్చుకను శత్రువుల పట్టిక నుండి తొలగించవలసి వచ్చింది. బెదిరించి వదిలేయడంలోని వివేకం అప్పుడు తెలిసింది. జూడ్ అనే కుర్రవాడికి రైతు పెట్టిన చిక్కు, పంట కావాలా పక్షి కావాలా అన్నది. కుచ్చు అల్లిన రైతు దానికి రెండూ అని జవాబిచ్చాడు. ఒకవైపు బొమ్మ, రెండవ వైపు కుచ్చు ఉన్న కాగితం ఈ జవాబును అక్షరాలు రాని పిల్లవాడికి కూడా చెప్పగలదు.

9. ముగింపు

బాలల కథల్లోని బెదురుబొమ్మ తనకు అప్పగించిన భయపెట్టే పనిలో ఓడి, ఆ ఓటమి వల్ల జాలికి, తెలివికి, స్నేహానికి అర్హుడైనవాడు. ఆ బొమ్మ వెనుక చేను కాసిన అసలు పిల్లల చరిత్ర ఉంది. ముందు ఆకలిగొన్న పక్షి ఉంది. రంగుల పుట ఈ రెండింటినీ తొలగించి నవ్వును మాత్రమే మిగిల్చింది. అది పిల్లలను భయం నుండి కాపాడాలన్న సదుద్దేశంతో జరిగినదే కావచ్చు. కానీ భయాన్ని తీసివేసిన చోట దానితో పాటు పనీ, పంటా, పక్షీ కూడా పోయాయి. పుటలను మానివేయడం దీనికి పరిష్కారం కాదు. ముఖాన్ని ఖాళీగా వదలడం, పంటను గీయడం, పక్షికి ఆకలిని తిరిగి ఇవ్వడం, బొమ్మకు తగిన తెలుగు పేరు పెట్టడం అనే నాలుగు చిన్న మార్పులు చాలు. మంచె మీద నిలబడవలసిన అవసరం తప్పిన పిల్లవాడికి, ఆ మంచె ఎందుకుండేదో తెలియజేయడం అతని చేతిలో రంగులు పెట్టిన పెద్దల బాధ్యత.